ఎర్రమంచిలో తయారైన కారు ఏ దేశానిది?

కియా షోరూంలో మూడు కార్లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఒకటి సెల్టోస్, ఇంకొకటి కార్నివాల్, మూడోది ఈవీ6 అనే విద్యుత్ కారు. మూడింటి మీదా ఉన్నది ఒకే కొరియా కంపెనీ పేరు. కస్టమ్స్ శాఖ లెక్కలో మాత్రం ఇవి మూడు వేర్వేరు రకాల సరుకు. సెల్టోస్ శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో తయారైంది. కార్నివాల్ కొరియా నుంచి విడిభాగాలుగా వచ్చి ఇక్కడ కారుగా రూపుదిద్దుకుంది. ఈవీ6 కొరియాలోనే పూర్తిగా తయారై ఓడలో వచ్చింది.

వీటిలో మనది ఏది, పరాయిది ఏది? కారు కొనేటప్పుడు చాలామంది అడిగే మాటే ఇది. జవాబు అంత తేలిగ్గా తేలదు. ఎందుకంటే ఆ ఒక్క ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. కంపెనీ ఎవరిది? కారు ఎక్కడ బిగించారు? లోపలి భాగాలు ఎక్కడివి? డిజైన్ ఎవరు గీశారు? లాభం ఎవరికి చేరుతుంది? వీటన్నిటికీ ఒకే దేశం పేరు జవాబుగా వచ్చే కారు ఇవాళ దొరకడం కష్టం.

పూర్వం ఇంత గందరగోళం లేదనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. మన రోడ్ల మీద అన్నిటికంటే స్వదేశీగా కనిపించిన అంబాసిడర్, బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాయే. ప్రీమియర్ పద్మిని ఇటలీ వారి ఫియట్. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్ కంపెనీ పెజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. అయితే ఆ రోజులకూ ఈ రోజులకూ పెద్ద తేడా ఒకటుంది. అప్పట్లో దిగుమతి లైసెన్సులు దొరికేవి కావు కాబట్టి, నమూనా బయటిదైనా భాగాలు ఇక్కడే చేసుకోక తప్పేది కాదు. ఇప్పుడు ఏ భాగం ఎక్కడ చవగ్గా, నాణ్యంగా దొరికితే అక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు.

మధ్యలో ఈ మార్పును తెచ్చింది మారుతి. 1981లో ప్రభుత్వ సంస్థగా మొదలైంది. 1982లో జపాన్ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 బయటికొచ్చింది. తొలి కార్లు దాదాపుగా జపాన్ భాగాలతో బిగించినవే. తర్వాత ఏళ్ల తరబడి ఒక్కో భాగాన్నీ ఇక్కడి తయారీదారులకు నేర్పించి, అప్పగిస్తూ వచ్చారు. కారు ఇలా క్రమంగా భారతీయమైంది. కంపెనీ మాత్రం ఎదురు దారిలో నడిచింది. మొదట్లో సుజుకీ వాటా 26 శాతం. ఇప్పుడది సుమారు 58 శాతం. ప్రభుత్వం 2007 నాటికి పూర్తిగా తప్పుకుంది. ఇవాళ గురుగ్రామ్‌లో తయారైన ఐదు తలుపుల జిమ్నీ జపాన్‌కు ఎగుమతి అవుతోంది. 2025 జనవరిలో అక్కడ బుకింగులు తెరిస్తే కొద్ది రోజుల్లోనే 50 వేలు దాటి, కొత్తవి తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది. జపాన్ కొనుగోలుదారుకి అది జపాన్ బ్రాండు మీద వచ్చిన దిగుమతి కారు.

ఇక ఎర్రమంచి సంగతి. 2017 ఏప్రిల్‌లో కియాకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం 536 ఎకరాలు, ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. కరవు నేలగా పేరుపడ్డ ఆ చోటికి హంద్రీ-నీవా పథకంలోని గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు తెచ్చారు. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్‌లోకి వచ్చింది. ఇక్కడి నుంచి మధ్యప్రాచ్యానికి, ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు కూడా కార్లు వెళ్లాయి. అమెరికాలో అమ్మే సెల్టోస్ మాత్రం కొరియాలోని గ్వాంగ్జులో తయారవుతుంది. పేరు ఒకటే, పుట్టిన ఊళ్లు రెండు.

కార్ల ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో ఒకసారి చూడాలి. మొదట ప్రెస్ షాపులో ఉక్కు రేకును అచ్చులో ఒత్తి తలుపులు, బానెట్, పైకప్పు తీస్తారు. బాడీ షాపులో రోబోలు వాటిని వెల్డింగ్ చేస్తాయి. తర్వాత పెయింటు. చివరగా అసెంబ్లీ లైన్ మీద ఇంజన్, సీట్లు, అద్దాలు, వైర్లు ఒక్కొక్కటీ బిగిస్తారు. మరలూ బోల్టులూ కలుపుకుంటే కారులో భాగాలు వేలల్లో ఉంటాయి. వాటిలో చాలావరకు కార్ల కంపెనీ సొంతంగా చేసేవి కావు. నేరుగా సరఫరా చేసేవారిని టియర్-1 (మొదటి వరుస సరఫరాదారులు) అంటారు. వాళ్లకు సరుకు ఇచ్చేవారు రెండో వరుస. వాళ్లకు ఇచ్చేవారు మూడో వరుస. పెనుకొండ చుట్టుపక్కల కియాతోపాటు కొరియా నుంచే వచ్చిన మొదటి వరుస కంపెనీలు చాలా ఉన్నాయి. మన సొంత చిన్న పరిశ్రమలకు చోటు దొరకాల్సింది రెండో, మూడో వరుసల్లో. నా దృష్టిలో ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం కంటే ఆ వరుసల్లో ఎవరున్నారన్నదే ముఖ్యం. ప్రారంభోత్సవం ఫొటోలో కనిపించనిది కూడా అదే.

ఒక్క భాగాన్ని దగ్గరగా చూద్దాం. ఇరుకు సందులో కారు మలుపుతున్నప్పుడు స్టీరింగ్ వేలితో తిప్పినా తిరుగుతుంది. దాని కింద చేతిలో పట్టేంత విద్యుత్ మోటారు ఒకటి సాయం చేయడం వల్లే అది సాధ్యం. ఆ స్టీరింగ్ వ్యవస్థను బిగించి ఇచ్చే ఫ్యాక్టరీ మన దేశంలోనే ఉండొచ్చు. కాబట్టి కార్ల కంపెనీ లెక్కపుస్తకంలో అది దేశీ కొనుగోలు. మోటారు లోపల మాత్రం బలమైన చిన్న అయస్కాంతాలుంటాయి. అవి అరుదైన మృత్తికా లోహాలతో (భూమిలో ఉన్నా, శుద్ధి చేయడం చాలా కష్టమైన లోహాలు) చేసినవి. వాటి శుద్ధిలో, అయస్కాంతాల తయారీలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో చైనా వీటిలో కొన్నింటి ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. కొద్ది వారాల్లోనే జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ తయారీ కొన్నాళ్లు నిలిచింది. మన విద్యుత్ వాహన కంపెనీలు కూడా ఉత్పత్తి లక్ష్యాలు తగ్గించుకున్నాయి. అంతకుముందు 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు మారుతి సెప్టెంబరు ఉత్పత్తి మామూలు నెలలో 40 శాతానికి పడిపోతుందని ముందే ప్రకటించింది. కారులో వందకు తొంభై పాళ్లు ఇక్కడివే అయినా, మిగిలిన పది పాళ్లలో ఒక్కటి రాకపోతే లైన్ ఆగుతుంది. శాతాలు చూసి ధీమా పడటం ఇందుకే ప్రమాదం.

ఇప్పుడు కస్టమ్స్ గీత దగ్గరికి వద్దాం. పూర్తిగా తయారై వచ్చే కారును సీబీయూ (సిద్ధంగా దిగుమతైన వాహనం) అంటారు. విడిభాగాల కిట్‌గా వచ్చేదాన్ని సీకేడీ (విప్పిన భాగాలుగా దిగుమతి) అంటారు. దుకాణం నుంచి విడి పలకలుగా వచ్చిన బీరువాను ఇంట్లో బిగించుకున్నట్టన్నమాట. 2025 బడ్జెట్ తర్వాతి లెక్క ప్రకారం, 40 వేల డాలర్లు దాటిన సీబీయూ కారు మీద సుంకాలన్నీ కలిపి 110 శాతం. ఆ లోపు ధరైతే సుమారు 70 శాతం. కిట్‌గా వస్తే రెండు రకాలు. ఇంజన్, గేర్‌బాక్స్ వంటివి ముందే బిగించి ఉంటే మౌలిక సుంకం 35 శాతం. అవి కూడా విడిగా వస్తే 15 శాతం. విడిగా ఒక్కో భాగాన్నీ తెప్పించుకుంటే ఇంకా తక్కువ, చాలా భాగాలకు 5 నుంచి 15 శాతం మధ్య.

ఈ అంకెల వెనుక ఒక ఆలోచన ఉంది. ఇంజన్ బిగించే పనికి ప్రత్యేకమైన లైన్ కావాలి, శిక్షణ పొందిన మనుషులు కావాలి, పరీక్షించే యంత్రాలు కావాలి. ఆ పని ఇక్కడ చేస్తే సుంకం తగ్గిస్తాం, చేయకపోతే పెంచుతాం అని ప్రభుత్వం చెబుతోంది. లెక్క వేసి చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది. 50 లక్షల విలువైన కారు పూర్తిగా తయారై వస్తే సుంకమే 55 లక్షలు. జీఎస్టీ పడకముందే కోటీ ఐదు లక్షలవుతుంది. అదే 50 లక్షల విలువకు పూర్తిగా విప్పిన కిట్‌గా వస్తే మౌలిక సుంకం ఏడున్నర లక్షలే. 2024 మేలో రేంజ్ రోవర్‌ను పుణేలో బిగిస్తామని ప్రకటించగానే దాని ధర 18 నుంచి 22 శాతం దాకా తగ్గింది ఇందువల్లే. కారు మారలేదు, బిగించే చోటు మారిందంతే.

గీత ఉన్నచోట తగాదా ఉంటుంది. 2024 సెప్టెంబరులో స్కోడా ఆటో ఫోక్స్‌వ్యాగన్ ఇండియాకు కస్టమ్స్ అధికారులు దాదాపు 140 కోట్ల డాలర్ల నోటీసు ఇచ్చారు. ఒక కారుకు కావాల్సిన భాగాలన్నీ దాదాపుగా తెప్పించుకుంటూనే, వాటిని వేర్వేరు సరుకుగా, వేర్వేరు బిల్లుల కింద చూపి తక్కువ సుంకం కట్టారన్నది ఆరోపణ. ఆరోపణ తప్పని, తాము తెప్పించుకున్నవి విడిభాగాలే తప్ప కిట్ కాదని, వాటిని ఇక్కడి భాగాలతో కలిపి కార్లు చేశామని కంపెనీ వాదన. విషయం బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. తీర్పు సంగతి అలా ఉంచి, అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్న చూడండి. ఎన్ని భాగాలు కలిస్తే కారు అవుతుంది? వేల కోట్ల రూపాయలు ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నాయి.

మరి దేశీ వాటాను కొలిచేదెలా? 2021లో కేంద్రం వాహన రంగానికి 25,938 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. దాని కింద డబ్బు అందాలంటే దేశీ విలువ జోడింపు (అమ్మకం ధరలో దిగుమతులు పోగా ఇక్కడ కలిసిన విలువ) కనీసం 50 శాతం ఉండాలి. స్టీరింగ్ ఉదాహరణలో చూసినట్టు, కార్ల కంపెనీ బిల్లులు మాత్రమే చూస్తే ఈ లెక్క తప్పుతుంది. సరఫరాదారు ఏం దిగుమతి చేసుకున్నాడో కూడా తవ్వాలి. అందుకే ఈ పథకంలో కంపెనీలు సరఫరాదారుల వివరాలు తెచ్చి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థల దగ్గర ధ్రువీకరణ తీసుకోవాలి. కంపెనీలకు ఇది శ్రమే. కానీ నాకు తెలిసినంతలో ప్రశ్నను సరైన చోట అడిగే పద్ధతి ఇదే.

యాజమాన్యం చూసి తేల్చుకుందామంటే అదీ కుదరదు. జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను టాటా మోటార్స్ 2008లో ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొంది. అంటే యజమాని భారతీయుడు. రేంజ్ రోవర్ ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో తయారవుతుంది. డిఫెండర్ స్లొవేకియాలోని నిత్రాలో తయారవుతుంది. 2025లో అమెరికా సుంకాలు మారాక, నిర్ణీత కోటా లోపల సోలిహల్ కారుకు 10 శాతం, నిత్రా కారుకు 15 శాతం పడింది. అదే ఏడాది జులై 24న భారత్, బ్రిటన్ కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందంలో కోటా ప్రకారం బ్రిటన్ కార్ల మీద సుంకం 10 శాతానికి దిగుతుంది. ఆ రాయితీ సోలిహల్ కారుకు వర్తిస్తుంది, నిత్రా కారుకు వర్తించదు. రెండూ టాటాలవే అయినా సరే. ఒప్పందం అడిగేది పుట్టుక నిబంధన (వస్తువు ఏ దేశంలో రూపుదిద్దుకుందో తేల్చే నియమం) గురించి. యజమాని గురించి కాదు.

అదే ఏడాది సెప్టెంబరులో సైబర్ దాడి కారణంగా బ్రిటన్‌లోని ఈ ఫ్యాక్టరీలు వారాల తరబడి ఆగిపోయాయి. అప్పుడు 150 కోట్ల పౌండ్ల రుణానికి హామీ ఇచ్చింది బ్రిటన్ ప్రభుత్వమే. కంపెనీ ముంబయిదని వాళ్లు చూడలేదు. ఆ ఫ్యాక్టరీల మీద, వాటికి సరుకిచ్చే చిన్న కంపెనీల మీద బతికే తమ మనుషులను చూశారు.

అయినా యాజమాన్యం లెక్కలోకి రాదనుకుంటే పొరపాటు. చెన్నైలో తయారైన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒకప్పుడు అమెరికాకు ఎగుమతయ్యేది. అమెరికా బ్రాండు, అమెరికా కొనుగోలుదారు, తమిళనాడు కార్మికుడు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నిర్ణయం జరిగింది మిషిగన్‌లో. సుమారు 4 వేల మంది మీద ప్రభావం పడింది ఇక్కడ. ఫ్యాక్టరీ మన నేల మీద ఉన్నా, దాన్ని మూయాలో నడపాలో చెప్పే గది వేరే దేశంలో ఉంటుంది. లాభం సంగతి కూడా అంతే. 2024 అక్టోబరులో హ్యుందాయ్ ఇండియా షేర్ల అమ్మకంలో సమకూరిన 27,870 కోట్ల రూపాయలూ కొరియా మాతృసంస్థకే వెళ్లాయి. కంపెనీ కొత్త షేర్లేవీ జారీ చేయలేదు, మాతృసంస్థ తన వాటాలో కొంత అమ్ముకుంది. మరోవైపు మారుతిలో సుజుకీది కాని వాటాలో మన బీమా సంస్థల, మ్యూచువల్ ఫండ్ల డబ్బు ఉంది. నెలనెలా ఫండ్‌లో పొదుపు చేసే గుంటూరు టీచరుకు కూడా ఆ లాభంలో రవ్వంత వస్తుంది.

అమెరికాలో ఈ చర్చ ఇంకా పాతది. హోండా 1982లో ఒహైయోలోని మేరీస్‌విల్‌లో కార్ల తయారీ మొదలుపెట్టింది. 1988 నుంచి టయోటా కేమ్రీ కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం జపాన్ కారని కొనే కేమ్రీ నిజానికి కెంటకీ కార్మికుల చేతుల్లో తయారైంది. పక్కింటివారు అమెరికా కారని కొన్న షెవర్లే ట్రాక్స్ కొరియా నుంచి వచ్చింది. అక్కడ 1992లో ఒక చట్టం చేశారు. 1994 నుంచి కొత్త కార్ల మీద ఒక చీటీ అంటించాలి. అమెరికా, కెనడా భాగాలు ఎంత శాతం, చివరి బిగింపు ఏ ఊళ్లో, ఇంజన్ ఏ దేశానిది, గేర్‌బాక్స్ ఏ దేశానిది అన్నీ దాని మీద ఉంటాయి. లోపం లేని చీటీ కాదు, రెండు దేశాలనూ ఒకే శాతంగా కలిపేస్తుంది. అయినా కొనేవాడి ఎదుట నాలుగు నిజాలు పెడుతుంది. మన షోరూంలో కారు అద్దానికి అలాంటి చీటీ ఉండదు. ఉండాలని నా కోరిక.

మనకు ఉన్నది ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటిది ‘జె’ అయితే జపాన్, ‘కె’ అయితే కొరియా, ‘డబ్ల్యూ’ అయితే జర్మనీ. మన దేశపు కార్లకు ఆ నంబరు ‘ఎం’ అక్షరంతో మొదలవుతుంది. తయారీదారు ఎక్కడ నమోదయ్యాడో అది చెబుతుంది. లోపలున్న అయస్కాంతం సంగతి చెప్పదు.

ఇంతవరకూ ఉక్కు, రేకు, మోటార్ల గురించే మాట్లాడాం. కారు విలువలో ఇప్పుడు డిజైన్, సాఫ్ట్‌వేర్ వాటా పెరుగుతోంది. హ్యుందాయ్‌కు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. జర్మనీకి చెందిన విడిభాగాల సంస్థ జెడ్‌ఎఫ్‌కు కూడా హైదరాబాద్‌లో సాంకేతిక కేంద్రం ఉంది. అంటే కొరియాలో, ఐరోపాలో అమ్ముడయ్యే కారులోనూ హైదరాబాద్ ఇంజినీర్ల పని ఉండొచ్చు. ఏ కస్టమ్స్ పత్రంలోనూ ఆ పని కనిపించదు. దాని మీద మేధా హక్కులు మాత్రం మాతృసంస్థకే చెందుతాయి. జీతం ఇక్కడికి, హక్కు అక్కడికి.

విద్యుత్ కార్లతో ఈ లెక్క మళ్లీ తిరగబడబోతోంది. ఇంజన్, గేర్‌బాక్స్ లేని కారుకు వాటి మీద రాసుకున్న సుంకాల గీత పెద్దగా పనికిరాదు. ఆ కారులో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీ. బ్యాటరీ ప్యాక్‌ను బిగించడం మన దగ్గర జరుగుతోంది. లోపలి సెల్స్ ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం-అయాన్ సెల్ ఫ్యాక్టరీని నిర్మిస్తోంది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు పెడతామని 2022లో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. సెల్ తయారీ పరిజ్ఞానం కోసం 2024లో చైనాకు చెందిన గోషన్ గ్రూపు సంస్థతో లైసెన్సు ఒప్పందం కుదుర్చుకుంది. కంపెనీ మనది, నేల మనది, పరిజ్ఞానం అద్దెది. మారుతి కూడా 1983లో ఇలాగే అద్దె పరిజ్ఞానంతో కార్ల తయారీ మొదలుపెట్టింది, కాకపోతే అక్కడ కంపెనీయే చివరికి సుజుకీ చేతికి వెళ్లింది. దివిటిపల్లిలో ఆ సెల్ లోపలి కాథోడ్ పొడిని ఎవరు చేస్తారు, వచ్చే తరం సెల్‌ను ఎవరు రూపొందిస్తారు అన్నవి ఇప్పుడే అడగాల్సిన ప్రశ్నలు. యంత్రాలు బిగించి, సరఫరా ఒప్పందాలు ఖరారయ్యాక అడిగితే వాటిని మార్చడం చాలా ఖర్చుతో కూడిన పని.